మూకీ వెస్టర్న్‌లలో ఊరికి కొత్తగా వచ్చినవాడు: ఎవరు ఎవర్ని మార్చారు?

మూకీరీలు | శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇప్పుడే 1916 నాటి ‘హెల్స్ హింజెస్’ చూసి లేచాను. గంట పైన కొద్ది నిమిషాల సినిమా. నిద్ర పట్టేలా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చిన్నప్పటి నుంచి కౌబాయ్ సినిమా అంటే నాకు తెలిసింది ఒకటే కథ. దుమ్ములోంచి ఒకడు గుర్రం మీద వస్తాడు, ఊళ్ళో దుర్మార్గుల్ని ఏరేస్తాడు, వచ్చిన దారినే పోతాడు. ఈ కథ మొదట్లో ఎలా ఉండేదో చూద్దామని మూకీల కాలానికి వెళ్ళాను. తీరా చూస్తే అక్కడ అంతా తిరగబడి ఉంది.

ఊరి అసలు పేరు ప్లేసర్ సెంటర్. జనం పిలిచేది మాత్రం హెల్స్ హింజెస్ అని, అంటే నరకం తలుపుకు బిగించిన బందులు. పెత్తనమంతా సారాకొట్టు యజమాని సిల్క్ మిల్లర్‌ది. తూర్పు నుంచి బాబ్ హెన్లీ అనే కుర్ర పాస్టరును అక్కడికి పంపిస్తారు. మనిషికి గుండెధైర్యం లేదు, దేవుడి మీద గురి కూడా లేదు. తను మాట్లాడుతుంటే ఆడవాళ్ళు మురిసిపోతూ వినాలి, అంతే. వెంట తోబుట్టువు ఫెయిత్ వస్తుంది. వాళ్ళను తరిమేసే పని మిల్లర్ బ్లేజ్ ట్రేసీ అనే తుపాకీవాడికి అప్పజెప్తాడు. బ్లేజ్ వేషం వేసింది విలియం ఎస్. హార్ట్. బండి దిగేవాళ్ళను బెదరగొట్టడానికి వచ్చి నిలబడ్డవాడు, ఫెయిత్ ముఖం చూసి అక్కడే ఆగిపోతాడు.

తర్వాత పాస్టరు తాగుడులో పడతాడు. బ్లేజ్ ఊళ్ళో లేనప్పుడు మిల్లర్ మనుషులు గుడికి నిప్పు పెడతారు. ఆ గుంపుకు ముందు నిలిచింది ఆ పాస్టరే. ఆ గొడవలోనే చనిపోతాడు. బ్లేజ్ తిరిగి వచ్చి సారాకొట్టులోకి వెళ్ళి, మిల్లర్‌ని కాల్చి, వేలాడే దీపాలను కాల్చి కింద పడేస్తాడు. ఊరు ఊరంతా తగలబడిపోతుంది.

ఇక్కడ ఊరికి కొత్త బ్లేజ్ కాదు, పాస్టరూ ఫెయిత్. వాళ్ళు వచ్చి ఊరిని బాగుచేయలేదు. ఊళ్ళో ఒకే ఒక్క మనిషి మారాడు, మిగతాది బూడిదైంది. నాకేమనిపిస్తోందంటే, మూకీల్లో కొత్త మనిషి రాకతో ఊరు బాగుపడదు. ఒక్క మనిషి లోపల ఏదో కదులుతుంది, అసలు కథ అదే. చూసినవాళ్ళు ఏమంటారు?

కృష్ణాతీరం | ఆదివారం ఉదయం 6:05

బాబూ, మంచి విషయం ఎత్తావు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి. మా విజయవాడలో టోపీ, నడుముకు తుపాకీ, గుర్రం చూసి హాలు ఊగిపోయింది. అది ఇటలీవాళ్ళు తీసిన వెస్టర్న్‌ల దారిలో వచ్చిన సినిమా. ఇటలీవాళ్ళు అమెరికా నుంచి తీసుకున్నారు. అమెరికావాళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారో అప్పట్లో మేము అడగలేదు. ఇన్నేళ్ళకు నువ్వు అడిగావు, సంతోషం.

కానీ ఒక సందేహం. బ్లేజ్ ఆ ఊరివాడే అయితే దీన్ని ‘కొత్తవాడి రాక’ కథల్లో కలపొచ్చా?

మూకీరీలు | ఆదివారం ఉదయం 8:30

కృష్ణాతీరం గారూ, నా ప్రశ్న అక్కడే మొదలైందండి. తర్వాతి సినిమాల్లో మంచి పాస్టరు పని, తుపాకీవాడి పని రెండూ ఒకే మనిషి చేస్తాడు. ఇక్కడ అవి ఇంకా విడివిడిగా ఉన్నాయి. మంచి మాట చెప్పడానికి వచ్చినవాడు ఒకడు, తుపాకీ పట్టినవాడు ఇంకొకడు. మంచి మాట చెప్పాల్సినవాడు పడిపోతే, అది విన్నవాడు నిలబడ్డాడు.

ఒక సీను చెప్పాలి. ఫెయిత్ ఇచ్చిన బైబిల్‌ను బ్లేజ్ చదువుతుంటాడు. నోట్లో సిగరెట్టు, పక్కన విస్కీ సీసా. మారిన మనిషిని చూపించాలంటే ముందు ఆ రెండూ విసిరికొట్టిస్తారు కదా. ఇందులో అలా లేదు. పాత బతుకును పక్కనే పెట్టుకుని కొత్త పుస్తకం చదువుతున్నాడు. నాకు సినిమా మొత్తంలో అదే గుర్తుండిపోయింది.

ఎడిటింగ్‌టేబుల్ | ఆదివారం ఉదయం 9:10

హైదరాబాద్‌లో ఎడిటింగ్ పని చేస్తాను, ఆ వైపు నుంచి నాలుగు మాటలు.

కెమెరా జోసెఫ్ ఆగస్ట్. కథ రాసింది సి. గార్డ్‌నర్ సల్లివన్. నిర్మాత థామస్ ఇన్స్. డైరెక్టరుగా పేరు పడింది చార్ల్స్ స్విక్కర్డ్‌ది, కానీ హార్ట్ సినిమాల్లో హార్ట్ మాటే చెల్లేది. చివరి మంటల భాగం నేను ముక్కముక్కగా ఆపి చూశాను. గుంపు పరుగు, పొగ, దాని ముందు నల్లగా బ్లేజ్ ఆకారం. నూరేళ్ళ క్రితం సినిమాలో దూరపు షాటుకు ఇంత బలం ఉందని చూస్తే తప్ప నమ్మలేం.

చూడబోయేవాళ్ళకు ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవాళ్ళు. సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల దాకా ఉండేది. దాన్ని ఇప్పటి 24 ఫ్రేముల వేగంలో నడిపితే మనుషులు బొమ్మల్లా టకటకా నడుస్తారు. చాలామంది మూకీలంటే నవ్వుకునేది అందుకే. అది తీసినవాళ్ళ తప్పు కాదు, ఆడించినవాళ్ళది. సరైన వేగంలో ఉన్న ప్రింటు వెతుక్కోండి. ఇంకో సంగతి, మూకీలన్నీ నలుపు తెలుపులో ఉండేవి కావు. రాత్రి సీన్లకు నీలం, మంటలకు ఎరుపు రంగులో ఫిల్మును ముంచి తీసేవాళ్ళు. హాల్లో పియానోనో, ఆర్కెస్ట్రానో మోగేది.

పాలమూరుపిల్ల | ఆదివారం ఉదయం 10:45

నేను ఈ సినిమాలకు పూర్తిగా కొత్త. హార్ట్ అంటే ఎవరు? నిజంగా కౌబాయా?

కాలిఫోర్నియా_కొండపల్లి | ఆదివారం మధ్యాహ్నం 12:15

పాలమూరుపిల్ల గారూ, ఈ ప్రశ్నకు జవాబు నేను చెప్తాను, ఆయన ఇల్లు చూసి వచ్చాను కాబట్టి.

హార్ట్ 1864లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. నాటకాల మనిషి. 1899లో ‘బెన్ హర్’ నాటకంలో మెస్సాలా వేషం వేసి పేరు తెచ్చుకున్నాడు, షేక్‌స్పియర్ కూడా ఆడాడు. సినిమాల్లోకి వచ్చేసరికి 49 ఏళ్ళు. ‘హెల్స్ హింజెస్’ విడుదల నాటికి 51. ఆ వయసులో మనవాళ్ళు తండ్రి వేషాలకు మారతారు, ఆయన అప్పుడు స్టార్ అయ్యాడు. మొహంలో గీతలు, మూసుకున్న పెదవులు, కదలని చూపు. మేకప్‌తో రాదు ఆ మొహం.

లాస్ ఏంజిలిస్‌కు ఉత్తరాన న్యూహాల్‌లో కొండ మీద ఆయన ఇల్లు ఉంది. 1946లో పోయేటప్పుడు ఆస్తిని ప్రజలకే వదిలి వెళ్ళాడు. సినిమాలు తీసినన్నాళ్ళు జనం చిల్లర డబ్బులు ఇచ్చి నన్ను పోషించారు, నేను పోయాక నా ఇల్లు వాళ్ళకే చెందాలి అన్నది ఆయన మాట. తర్వాత దాన్ని కౌంటీ పార్కు చేశారు. 1962లో వాల్ట్ డిస్నీ ఇచ్చిన అడవిదున్నల సంతతి నేను వెళ్ళినప్పుడు అక్కడ మేస్తోంది. ఆయన గుర్రం ఫ్రిట్జ్‌ను కూడా అక్కడే పాతిపెట్టారు. మా అమ్మాయి ఆ సమాధి దగ్గర చాలాసేపు నిలబడింది.

ఇంకొక విషయం. టూంబ్‌స్టోన్ కాల్పులతో పేరు మోసిన వాయట్ ఎర్ప్ ముసలితనంలో లాస్ ఏంజిలిస్‌లోనే ఉండేవాడు, హార్ట్‌కు స్నేహితుడు. 1929 జనవరిలో ఎర్ప్ చనిపోతే శవపేటిక మోసినవాళ్ళలో హార్ట్, మరో మూకీ కౌబాయ్ స్టార్ టామ్ మిక్స్ ఉన్నారు. అంటే ఈ మూకీలు ఆడుతున్న రోజుల్లో అసలు మనుషులు ఇంకా బతికే ఉన్నారు. ఏదో పురాణకాలం కథ కాదు, మన తాతలు నిజాం రోజుల గురించి చెప్పినంత దగ్గర.

చీకటిగది | ఆదివారం మధ్యాహ్నం 2:30

మీ అందరి ఇష్టాన్ని గౌరవిస్తూనే ఒక మాట అనాలి. సిల్క్ మిల్లర్ మొదటిసారి తెర మీదికి రాగానే వచ్చే టైటిల్ కార్డు, అంటే మధ్యలో తెర మీద చూపే రాత, చూశారా? మెక్సికన్ల జిత్తులమారితనమూ గిలకపాము ద్రోహబుద్ధీ కలిసినవాడు అని అర్థం వచ్చేలా రాశారు. ఒక జాతి మొత్తాన్ని ఒక్క వాక్యంలో పాముతో కలిపేశారు. ఎదురుగా ఫెయిత్ తెల్లని వెలుగులో నవ్వుతుంది. బ్లేజ్ మారడానికి ఆ తెల్లదనమే కారణమన్నట్టు ఉంటుంది. సినిమా గొప్పదే, 1994లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, చేర్చారు కూడా. కానీ ఈ కార్డు దగ్గర నాకు కడుపులో తిప్పుతుంది. దాన్ని దాటేసి మాట్లాడుకోవద్దు.

ఊరికి కొత్తగా వచ్చిన మనిషి కథే కావాలంటే 1920లో ఆస్కర్ మిషో తీసిన ‘ద సింబల్ ఆఫ్ ది అన్‌కాంకర్డ్’ చూడండి. మిషో నల్లజాతి దర్శకుడు. సినిమాల్లోకి రాకముందు దక్షిణ డకోటాలో స్వయంగా భూమి దున్నినవాడు. కథలో ఈవ్ మేసన్ అనే అమ్మాయి అలబామా నుంచి తాతగారి భూమి చూసుకోవడానికి ఓరిస్‌టౌన్ వస్తుంది. చూడటానికి తెల్లగా ఉంటుంది, కానీ నల్లజాతి పిల్ల. హోటల్ యజమాని డ్రిస్కల్ ఆమెను పసిగట్టి గది ఇవ్వడు, కొట్టంలో పడుకోమంటాడు. ఆ డ్రిస్కల్ కూడా నల్లజాతివాడే, తెల్లవాడిగా చెలామణీ అవుతుంటాడు! కన్నతల్లి రంగే వాణ్ణి భయపెడుతుంది. గాలివానలో ఆ పిల్ల కొట్టంలోంచి అడవిలోకి పారిపోతుంది. పక్క భూమి ఆసామి వాన్ ఆలెన్ ఆదుకుంటాడు. తర్వాత అతని నేలలో నూనె ఉందని తెలిసి, నల్లజాతివాళ్ళ మీద దాడులు చేసే ముసుగుదొంగలు వెళ్ళగొట్టాలని చూస్తారు.

హార్ట్ సినిమాలో కొత్త మనిషిని అడిగేది ‘నువ్వు మంచివాడివా, చెడ్డవాడివా’ అని. మిషో సినిమాలో అడిగేది ‘నీ రంగేమిటి’ అని. ఊరికి కొత్తగా వెళ్ళి అద్దె ఇల్లు అడిగినవాళ్ళకు ఇందులో ఏది నిజమో తెలుసు.

మూకీరీలు | ఆదివారం సాయంత్రం 4:00

చీకటిగది గారూ, మీరు చెప్పిన కార్డు నేను చదివాను, చదివి ముందుకు వెళ్ళిపోయాను. మీరు అన్నాక వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాను. మీ మాట నిజం. మిషో సినిమా ఈ రాత్రికే చూస్తాను. ప్రింటు పూర్తిగా ఉందా?

చీకటిగది | ఆదివారం సాయంత్రం 4:25

లేదండి. మిగిలింది బెల్జియంలో దొరికిన ప్రింటు, కార్డులు ఫ్రెంచి, ఫ్లెమిష్ భాషల్లో ఉండేవి. ముసుగువాళ్ళను ఎదిరించి ఓడించే సీను అందులో లేదు. నల్లజాతి ప్రేక్షకులు ఆ రోజు దేనికోసం టిక్కెట్టు కొన్నారో సరిగ్గా అదే పోయింది. నాకు ఇది తలచుకుంటే బాధ తగ్గదు.

ఎడిటింగ్‌టేబుల్ | ఆదివారం సాయంత్రం 5:10

ఇలాంటివి ఎన్నో. అమెరికాలో దాదాపు 11 వేల మూకీ ఫీచర్లు, అంటే పూర్తి నిడివి సినిమాలు, వచ్చాయి. విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమే అని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నివేదిక తేల్చింది. ఆ రోజుల్లో వాడిన నైట్రేట్ ఫిల్ము తనంతట తనే అంటుకోగలదు. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ గోడౌను తగలబడి టామ్ మిక్స్ సినిమాలు చాలా పోయాయి. టాకీలు వచ్చాక మూకీలకు విలువ లేదని వెండి కోసం ఫిల్ము కరిగించినవాళ్ళూ ఉన్నారు. మన దగ్గర ఇంకా అన్యాయం. రఘుపతి వెంకయ్య నాయుడు గారు, కొడుకు ప్రకాశ్ కలిసి మద్రాసులో 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఈ రోజు చూద్దామంటే లేదు.

అసలు చర్చకు వస్తే, మూకీరీలు గారి వాదనకు నేను తెచ్చే సాక్ష్యం 1917 నాటి ‘స్ట్రెయిట్ షూటింగ్’. హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ మొదటి ఫీచర్, అప్పుడు ఆయనకు 23 ఏళ్ళు, తెర మీద పేరు జాక్ ఫోర్డ్. చాలా ఏళ్ళు పోయిందనుకున్నారు. 1960లలో చెకోస్లొవేకియా ఆర్కైవులో దొరికింది.

పశువుల ఆసాములు రైతులను నీళ్ళ దగ్గరికి రానివ్వరు. వాళ్ళను వెళ్ళగొట్టడానికి చెయెన్ హ్యారీ అనే కిరాయి తుపాకీవాణ్ణి పిలుస్తారు. వేసింది హ్యారీ కేరీ. అతను వచ్చేసరికి రైతు కుటుంబం కొడుకును పూడ్చిపెడుతోంది. ముసలి తండ్రి, అక్కడే కూతురు. హ్యారీ దూరం నుంచి చూస్తాడు. ఎవరూ అతనికి నీతులు చెప్పరు. ఆ గోతిని చూశాక తీసుకున్న పని చేయలేకపోతాడు. కేరీ కళ్ళు మాత్రమే మాట్లాడతాయి. నేను రోజూ డైలాగుల మధ్య కత్తిరించే మనిషిని, ఈ సీను చూసి మా అసిస్టెంట్లను పిలిచి చూపించాను.

తర్వాత వీధిలో ఎదురెదురు కాల్పులు. మొహాలు అంత దగ్గరగా, అంతసేపు ఆపడం 1917లో! ఇటలీవాళ్ళు కళ్ళు చూపిస్తేనే కొత్త అనుకున్నాం.

కృష్ణాతీరం | ఆదివారం సాయంత్రం 6:40

హ్యారీ కేరీ పేరు వినగానే గుర్తొచ్చింది. 1956 నాటి ‘ద సెర్చర్స్’ చివర్లో జాన్ వేన్ గుమ్మం బయట నిలబడి ఎడమచేత్తో కుడిచేయి మోచేతి దగ్గర పట్టుకుంటాడు. అది హ్యారీ కేరీ అలవాటు. కేరీ 1947లోనే పోయాడు. ఆయన భార్య ఆలివ్ ఆ సినిమాలోనే నటిస్తోంది. ఆమె కళ్ళెదుట వేన్ ఆ భంగిమ పెట్టాడు. తెలియక ఎన్నోసార్లు చూశాను, తెలిశాక మాత్రం ఆ సీను వచ్చినప్పుడల్లా కళ్ళలో నీళ్ళు వస్తాయి.

నీ వాదన ఇప్పుడు ఒప్పుకుంటున్నాను బాబూ, సగం. 1916లోనే హార్ట్ తీసిన ‘ద రిటర్న్ ఆఫ్ డ్రా ఈగన్’ ఉంది కదా? అందులో పరారీలో ఉన్న దొంగ పేరు మార్చుకుని ఎల్లో డాగ్ అనే ఊరికి మార్షల్‌గా, అంటే పోలీసు అధికారిగా వస్తాడు. ఊరిని బాగుచేస్తాడు కూడా. పాత ముఠావాడు ఆరిజోనా జో వచ్చి, నిజం బయటపెడతానని బెదిరిస్తాడు. చివరికి తనే అందరిముందు ఒప్పుకుంటాడు, ఊరు అతణ్ణి వదులుకోదు. అక్కడ ఊరూ మారింది, మనిషీ మారాడు. ఒకే ఏడాది, ఒకే నటుడు, రెండు ముగింపులు.

మూకీరీలు | ఆదివారం రాత్రి 8:15

బాగా పట్టుకున్నారండి. ‘డ్రా ఈగన్’ నేను లెక్కలోకి తీసుకోలేదు. ఊరు బాగుపడదు అన్న మాట వెనక్కి తీసుకుంటాను. అయినా చూడండి, అక్కడ కూడా టెన్షన్ అంతా ఊరి రౌడీల గురించి కాదు, ఈగన్ నోరు విప్పుతాడా లేదా అన్నది. తుపాకీ తీయడం అతనికి తేలిక. పేరు చెప్పడం కష్టం.

పాలమూరుపిల్ల | ఆదివారం రాత్రి 9:00

ఇవన్నీ వచ్చినవాడు మగాడు అయితే. ఈవ్ మేసన్ కథ చదివాక అడగాలనిపించింది, ఒంటరి ఆడది ఊరికి కొత్తగా వచ్చే సినిమాలు ఇంకా ఉన్నాయా?

కాలిఫోర్నియా_కొండపల్లి | ఆదివారం రాత్రి 9:50

ఉంది, తప్పకుండా చూడాల్సింది. 1928 నాటి ‘ద విండ్’. లిలియన్ గిష్, దర్శకుడు స్వీడన్ నుంచి వచ్చిన విక్టర్ షోస్ట్రోమ్. లెట్టీ అనే అమ్మాయి వర్జీనియా నుంచి బంధువుల ఇంటికి టెక్సస్ వస్తుంది. ఆ ఇంటి ఇల్లాలికి ఈమె గిట్టదు. బతకడానికి ఎవరినో ఒకరిని పెళ్ళి చేసుకోక తప్పదు. ఇక్కడ విలన్ సారాకొట్టువాడు కాదు, గాలి. రాత్రింబవళ్ళు ఇసుక కొడుతూనే ఉంటుంది, కిటికీల్లోంచి, రొట్టెల్లోకి, మనసులోకి. మొహావీ ఎడారిలో విమానం ఫ్యాన్లు పెట్టి గాలి పుట్టించారు. ఎండకు కాలిన ఇనుప పిడి పట్టుకుని గిష్ చేయి కాల్చుకుంది. శబ్దమే లేని సినిమాలో గాలి హోరు వినిపిస్తుంది. నేను పెళ్ళయిన కొత్తలో ఈ దేశం వచ్చి, ఎవరూ తెలియని ఊళ్ళో మొదటి చలికాలం గడిపాను. ఆ కిటికీ దగ్గర లెట్టీ నిలబడ్డ తీరు నాకు తెలుసు.

మనం చెప్పుకున్న ఈ అమెరికా మూకీలన్నీ ఇక్కడ కాపీరైటు తీరిపోయిన సినిమాలు. ‘ద విండ్’ కూడా 2024 జనవరి నుంచి అంతే. మంచి ప్రింటు చూసుకుంటే చాలు.

పాలమూరుపిల్ల | మరుసటి ఆదివారం సాయంత్రం 5:30

అందరికీ థాంక్స్. ఈ వారం మా నాయనమ్మతో కూర్చుని ‘హెల్స్ హింజెస్’ చూశాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, అందుకని కార్డు వచ్చినప్పుడల్లా నేను తెలుగులో చదివి చెప్పాను. సగం అయ్యేసరికి చెప్పనక్కర్లేదు, అర్థమవుతోంది, ఊరుకోమంది. మిల్లర్ గురించి కార్డు దగ్గర ఆపి, చీకటిగది గారు చెప్పింది చెప్పాను. విని తల ఊపింది.

పాస్టరు దివిటీ పట్టుకుని గుడి మీదికి వెళ్తుంటే ‘వాణ్ణి ఎందుకు పంపిండ్రు? వానికి చాతకాదని పంపినోళ్ళకు ఎరుక లేదా?’ అంది. అయిపోయాక నన్ను ఒకటే అడిగింది, ఊరు కాలింది కదా, ఆ జనం ఎటు పోయిండ్రు అని. నాకు జవాబు తెలియలేదు. మీకెవరికైనా తెలుసా?

మూకీరీలు | మరుసటి ఆదివారం సాయంత్రం 6:10

మళ్ళీ పెట్టి చూశానండి. మంటల్లోంచి జనం బయటికి పరుగెత్తడం చూపించారు, ఆ తర్వాత కెమెరా ఫెయిత్ దగ్గరికి వెళ్ళిపోతుంది. వాళ్ళు ఎటు పోయారో సినిమా చెప్పలేదు. నాకు ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నే రాలేదు. నాయనమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి. వచ్చే వారం ‘స్ట్రెయిట్ షూటింగ్’ చూపించి, ఆ సమాధి దగ్గర ఆమె ఏమంటారో ఇక్కడ రాయండి.